ఎనిమిది నల్ల చొక్కాలు

ఆ వానాకాలం మొదట్లో నా కొడుకు నాకొక ఆర్డరు తెచ్చాడు. వాడికి ఊహ తెలిశాక నాకు తెచ్చిపెట్టిన మొదటి బేరం అదే. ఎనిమిది నల్ల చొక్కాలు. ఒకటే గుడ్డ, ఒకటే కుట్టు, పది రోజుల్లో కావాలి.

బడులు తెరిచే రోజులు. నా మిషను చుట్టూ యూనిఫారం గుడ్డలు గుట్టలు పడి ఉన్నాయి. రుమాలు అంచు మడిచి కుట్టమని వచ్చినా కసురుకునేదాన్ని. అయినా ఆ ఆర్డరు కాదనలేకపోయాను. ఎందుకంటే వాడి వెనక గుమ్మంలో ఏడుగురు కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. మా చిన్నోడికి స్నేహితులు! పదో తరగతి తప్పిన దగ్గర్నుంచి రెండేళ్ళుగా గోడకేసి చూస్తూ కూర్చున్నవాడు, తిన్నావా అంటే "ఊఁ", పడుకోరా అంటే "ఊఁ" తప్ప ఇంకో మాట లేనివాడు, ఏడుగుర్ని వెంటేసుకుని వచ్చేసరికి నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

వాళ్ళలో పెద్దవాణ్ణి అందరూ కెప్టెన్ అంటున్నారు. పాతికేళ్ళుంటాయి. గుమ్మం అవతలే ఆగి, "కాళ్ళు బురదగా ఉన్నాయి ఆంటీ, లోపలికి రమ్మంటారా? ఆర్డరు బట్టలకి అంటుకుంటుందేమో" అన్నాడు. ఆ ఒక్క మాటకి పడిపోయాను. నా కడుపున పుట్టిన ఇద్దరూ ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

"టీముకి ఆంటీ. అందరివీ ఒకేలా ఉండాలి. ఎడమ చేతి కఫ్ మీద ఎర్ర దారంతో మూడు గీతలు కుట్టండి. సన్నగా, పక్కపక్కన."

"ఏం టీము నాయనా?"

"మన వీధి టీమే ఆంటీ" అన్నాడు నవ్వుతూ.

ఏడుగురికీ టేపు పెట్టి పుస్తకంలో రాసుకున్నాను. ఎనిమిదోవాడికి టేపు తియ్యలేదు. నా పిల్లల కొలతలు నేనెప్పుడూ రాసుకోలేదు. వాళ్ళు వీధి చివర నడిచి వస్తుంటేనే నడుం ఎంత, ఛాతీ ఎంత నా వేళ్ళకి తెలిసిపోతుంది. చిన్నోడు ఏడేళ్ళప్పుడు గోడ మీంచి పడి మెడ దగ్గరి ఎముక విరగ్గొట్టుకున్నాడు. అతుక్కుంది కానీ ఎడమ భుజం అరంగుళం దిగింది. అందుకని వాడి చొక్కాలన్నిటికీ రెండు భుజాలూ సమంగా కనపడేలా ఎడమ భుజం లోపల ఒక పొర బిరుసు కేన్వాసు గుడ్డ ఎక్కువ వేస్తాను. చూసేవాళ్ళకి తెలియదు. వాడికే తెలియదు.

వాళ్ళు వెళ్ళాక మూల కూర్చుని చదువుకుంటున్న మా అమ్మాయి తలెత్తింది. "అమ్మా, ఎనిమిది మంది ఆడే ఆట ఏముంది?"

"నీకెందుకే? నువ్వు గానీ ఆడతావా ఏంటి?" అని దాని నోరు మూయించాను.

అది నర్సింగు పూర్తి చేసి పెద్దాసుపత్రిలో ఉద్యోగానికి ఎంపికైంది. పోలీసు వెరిఫికేషను ఒక్కటి అయిపోతే ఉద్యోగపు ఆర్డరు చేతికొస్తుంది. మా ఆయన బస్సు డ్రైవరు. బస్సులవాళ్ళ క్వార్టర్స్‌లో మాకు రెండు గదులు. ముందు గదిలోనే నా మిషను. ఇరవై రెండేళ్ళుగా ఆ కిటికీ వెలుతురులోనే కుట్టాను. ఆ వాన మొదలయ్యే నాటికి మాకు లోటంటూ ఏదైనా ఉంటే అది చిన్నోడి మౌనమే, అదీ తీరిపోయిందనుకున్నాను.

తొమ్మిదో రోజుకే చొక్కాలు ఇచ్చేశాను. ఎనిమిదిమందీ మా వరండాలోనే తొడుక్కుని వరసగా నిలబడ్డారు. నా చేతి పనిని ఎనిమిది ఒళ్ళ మీద ఒక్కసారే చూసుకుని మురిసిపోయాను. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన, "గెలవండ్రా, మా బస్సెక్కించి ఊరంతా తిప్పుతాను" అని పరాచికమాడారు. చిన్నోడు పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. వాడికి పై వరసలో ఒక పన్ను మీద ఒకటి ఎక్కి ఉంటుంది. అది చూసి ఎన్నాళ్ళయిందో.

*

మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం కుండపోతగా వాన పడుతుంటే వాడు బనీనుతో ఇంటికొచ్చాడు.

"చొక్కా ఏదిరా?"

"తడిసిపోయింది. ఫ్రెండు ఇంట్లో ఆరేశాను."

ఈ వానలో ఏ చొక్కా ఆరుతుందిరా అని అడగాలి. అడగలేదు. తువ్వాలు అందించి, టీ పెట్టి ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు, అయినా ఒలికింది. అప్పుడైనా అడగాలి. తల్లికి తెలిసిపోతుందంటారు, నిజమే. తెలిశాక కాజాలు కుట్టుకుంటూ కూర్చోవడం కూడా తల్లికే చేతనవుతుంది.

తెల్లారి మా ఆయన డ్యూటీకి బయల్దేరుతుంటే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "మీ అబ్బాయిని ఒకసారి తీసుకెళ్తాం, కాసేపు మాట్లాడి పంపించేస్తాం" అన్నాడు మర్యాదగానే. చిన్నోడు చెప్పులేసుకుని, నా వైపు చూడకుండా జీపెక్కాడు. ఆ కాసేపు ఇంకా అవ్వలేదు.

జరిగింది ఇదీ. బస్టాండు వెనక సందులో మెకానిక్కు కొడుకుని, ఇరవై రెండేళ్ళవాణ్ణి, ఇనప రాడ్లతో కొట్టారు. వాడు కెప్టెన్‌ని నలుగురిలో ఏదో మాట అన్నాడట. అంతే కారణం. పిల్లవాడికి ఒక కన్ను పోయింది. ఆ సందు మొగలో ఒక కుర్రాడు నిలబడి, గొడుగేసుకుని అటు పోబోతున్న ఒకాయన్ని, "లోపల మోకాటి లోతు నీళ్ళున్నాయి, చుట్టూ తిరిగి వెళ్ళండి" అని వెనక్కి పంపాడు. ఆ గొడుగాయన సాక్షి. కానీ చీకటి, వాన, ఆయన మొహం చూడలేదు. నల్ల చొక్కా చూశాడు. దారి చూపించడానికి చాపిన చేతికి కఫ్ మీద మూడు ఎర్ర గీతలు చూశాడు.

ఏడు చొక్కాలు ఏడుగురి ఇళ్ళల్లో దొరికాయి. ఎనిమిదోది రెండు రోజుల తర్వాత మురిక్కాలవలో, సిమెంటు పలక కింద ఇరుక్కుని కనపడింది.

*

మేం పెట్టుకున్న లాయరమ్మకి నా వయసే ఉంటుంది. గదంతా ఫైళ్ళు, కూర్చోడానికి ఒకటే కుర్చీ. మా ఆయన నిలబడే విన్నారు.

"అమ్మా, మీవాడు రాడ్డు పట్టుకున్నాడా లేదా అని కోర్టు అడగదు. గుంపులో ఉన్నాడా లేదా అని అడుగుతుంది. ఉన్నాడని తేలితే ఆ ఏడుగురితో సమానం. గ్యాంగు కేసుల చట్టం అలాంటిది. పదహారు దాటితే విచారణ కూడా పెద్దవాళ్ళ కోర్టులోనే. మీవాడికి పదిహేడు."

"వాడెవర్నీ ముట్టుకోలేదమ్మా. చీమకి కూడా అపకారం చెయ్యడు."

"ముట్టుకోనక్కర్లేదు. కాపలా కాస్తే చాలు. గుర్తున్న చొక్కా వేసుకుంటే చాలు." ఆవిడ నా మొహం చూసి గొంతు తగ్గించింది. "ఆ గుర్తు కుట్టింది మీరు. తెలిసి కుట్టారనుకుంటే మిమ్మల్నీ ముద్దాయిల్లో కలిపేవాళ్ళు. సాక్షిగా పెట్టారు, సంతోషించండి."

మా ఆయన, "దారేమన్నా ఉందా అమ్మా?" అన్నారు.

"ఉంది. మిగతావాళ్ళు మీవాడి పేరు చెప్పారు, కానీ తోటి ముద్దాయిల మాట ఒక్కదాని మీద శిక్ష వెయ్యరు. గొడుగాయన మొహం చూడలేదు. ఇక మిగిలింది కాలవలో దొరికిన చొక్కా. అది మీవాడిదని రుజువు కాకపోతే ఇంటికొస్తాడు. రుజువైతే ఐదేళ్ళకి తక్కువ పడదు." నా వైపు తిరిగింది. "మీ పుస్తకం పోలీసులు తీసుకెళ్ళారుగా. అందులో ఏడుగురి కొలతలే ఉన్నాయి. మీరు అదృష్టవంతులు. ఇప్పుడు చెప్పండి, ఆ ఎనిమిదో చొక్కా ఎవరికి కుట్టారో మీరు చూసి చెప్పగలరా?"

"చెప్పగలను" అన్నాను.

"చెప్పలేరు" అంది లాయరమ్మ.

ఇంటికొచ్చేసరికి క్వార్టర్స్ ఆఫీసు గుమాస్తా గుమ్మంలో ఉన్నాడు. పదిహేనేళ్ళుగా తెలిసినవాడు, వాళ్ళ పిల్లల బట్టలన్నీ నేనే కుట్టాను. తల దించుకుని నోటీసు చేతిలో పెట్టాడు. ఇంట్లో ఎవరికైనా గ్యాంగు కేసులో శిక్ష పడితే నెల రోజుల్లో ఖాళీ చెయ్యాలట. "నాకేం సంబంధం లేదక్కా, పైనుంచి వచ్చింది" అన్నాడు. మా అమ్మాయి వెరిఫికేషను కాయితం కూడా తిరిగొచ్చింది, తమ్ముడి కేసు తేలేవరకు ఆపమని. అది ఏడవలేదు. "వాడు తొడుక్కున్న చొక్కా నాకూ తొడిగావు కదమ్మా" అంది. దాని కోపం న్యాయమైందే.

ఆ రోజునుంచి మా ఇంట్లో నలుగురి బతుకూ ఆ ఒక్క చొక్కాని పట్టుకుని వేలాడింది.

*

వాణ్ణి పెట్టిన పిల్లల హోములో ప్రతి బుధవారం చూడనిచ్చేవాళ్ళు. మధ్యలో దట్టమైన జాలీ, దాని కింద గుండెల దాకా సిమెంటు గోడ. అవతల వాడు స్టూలు మీద కూర్చునేవాడు. మసగ్గా మొహం తప్ప ఇంకేం కనపడేది కాదు. ఒంటి మీద వాళ్ళిచ్చిన బస్తాలాంటి యూనిఫారం. నేను తిండి గురించి అడిగేదాన్ని, వాడు బాగానే పెడుతున్నారనేవాడు. నాలుగో బుధవారం, కాపలా మనిషి అటు తిరిగినప్పుడు, "నేనేనమ్మా అక్కడ నించున్నది" అన్నాడు.

"తెలుసురా."

"లోపల ఏం చేస్తున్నారో తెలీదమ్మా. ఊరికే బెదిరిస్తారనుకున్నా. తర్వాత అరుపులు వినపడ్డాయి. అప్పుడే ఆ గొడుగాయన వచ్చాడు."

"మరి ఆయన్నెందుకు పంపేశావురా? పోనిస్తే ఏమయ్యేది?"

వాడు జాలీలో వేలు పెట్టి తిప్పాడు. "వాళ్ళు నన్ను పిలిచారమ్మా. రోజూ ఇంటికొచ్చి, రారా అని పిలిచేవాళ్ళు. ఇంకెవరూ పిలవరు కదా."

రెండేళ్ళు వాడు గోడకేసి చూస్తుంటే, చదువురా, లేకపోతే పన్లోకి పోరా అని చెవిలో జోరీగలా పోరానే గానీ, రారా అని పిలిచి పక్కన కూచోబెట్టుకున్నది ఎప్పుడని ఆలోచిస్తే గుర్తుకు రాలేదు.

ఒక్కటి మాత్రం దాచకుండా చెబుతాను. ఆ రోజు నా కొడుకు పక్కకి తప్పుకుని ఉంటే ఆ పిల్లవాడికి కన్ను మిగిలేది. అది తెలిసీ నేను అబద్ధం బట్టీ పట్టాను. మిషను తొక్కుతూ వల్లె వేసుకున్నాను. "ఎనిమిది కుట్టాను, ఎనిమిదోది అదనంగా కుట్టించుకున్నారు, ఎవరిదో తెలియదు." కుట్టు తప్పు పడేది కానీ మాట తప్పు పడేది కాదు. నాకు నా కొడుకు కావాలి. పరాయి పిల్లాడి కన్ను గురించి ఆలోచించేంత మంచిదాన్ని కాను.

*

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో నా సాక్ష్యం పెట్టారు. కోర్టు వరండాలో ఒకే పొడుగు బల్ల. ఈ చివర నేను, ఆ చివర ఎర్రటి గొడుగు ఒళ్ళో పెట్టుకుని ఒకావిడ. కాసేపయ్యాక ఒక కుర్రాడు వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఎడమ కంటి మీద తెల్లటి కట్టు. మంచినీళ్ళ సీసా మూత తియ్యబోతే వాడి చెయ్యి పక్కకి పోయింది. ఆవిడ సీసా అందుకుని మూత తీసి ఇచ్చింది. నేను గోడమీద కాయితాలు చదువుతున్నట్టు నటించాను.

బోనెక్కి మొదలుపెట్టాక మాటలు వాటంతటవే వచ్చాయి. ప్రభుత్వ ప్లీడరు నిదానస్తుడు, ముసలాయన. చొక్కా ప్లాస్టిక్ సంచిలోంచి తీసి నా ముందు పెట్టాడు. కాలవ నీళ్ళకి రంగు వెలిసింది, కుట్టు మాత్రం ఎక్కడా చెదరలేదు. నా పాడు బుద్ధి, ఆ స్థితిలో కూడా అదే ముందు చూసుకున్నాను.

"ఇది మీరు కుట్టిందేనా అమ్మా?"

"నేను కుట్టిందే సార్. టీముకని ఎనిమిది కుట్టాను."

"ఎవరికి కుట్టారు?"

"తెలీదు సార్. అదనంగా ఒకటి అన్నారు."

"మిగతా ఏడింటికీ లేని కేన్వాసు ముక్క దీని ఎడమ భుజంలో ఎందుకుంది?"

"గుడ్డ పల్చగా ఉన్నచోట వేస్తాం సార్. చేతికొచ్చిన ముక్క వేసుంటాను."

లాయరమ్మ కాయితాల్లోకి చూస్తూ మెల్లగా తలాడించింది. ముసలాయన నా పుస్తకం తెరిచాడు. పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"ఏడుగురి కొలతలున్నాయి. ఎనిమిదో మనిషికి లేవు. నాకు కుట్టు పని తెలీదమ్మా, ఊరికే అడుగుతున్నాను. కొలత రాసుకోనక్కర్లేకుండా మీరు బట్టలు కుట్టగలిగే మనిషి ఎవరైనా ఉన్నారా?"

"లేరు సార్" అన్నాను.

ఆయన నిట్టూర్చి, జడ్జిగారి వైపు తిరిగి, ముద్దాయి చేత ఆ చొక్కా తొడిగించి చూడటానికి అనుమతి అడిగాడు. లాయరమ్మ లేచి అభ్యంతరం చెప్పింది. జడ్జిగారు సరేనన్నారు.

చిన్నోణ్ణి ముందుకి తీసుకొచ్చారు. వాడు బస్తా యూనిఫారం పైది విప్పి, బనీను మీద ఆ చొక్కా తొడుక్కున్నాడు. ఒక్కో బొత్తాం పెట్టుకుంటున్నాడు. హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు. చొక్కా వాడి మీద వేలాడుతోంది. భుజాల కుట్టు చేతుల మీదకి జారిపోయింది. ఛాతీ దగ్గర గుడ్డ మడతలు పడి, లోపల ఇంకో మనిషికి చోటున్నట్టుంది. కాలరుకీ మెడకీ మధ్య నా అరచెయ్యి పట్టేంత సందు. దిగిన భుజం ఏదో ఎక్కిన భుజం ఏదో ఆ వదులులో తెలియడమే లేదు.

లాయరమ్మ మొహం వెలిగిపోయింది. "ఇది నా క్లయింటుకి కొలిచి కుట్టిన చొక్కానా, కోర్టువారే చూడవచ్చు" అంది. ముసలి ప్లీడరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుండిపోయాడు. వెనక బల్ల మీద మా ఆయన రెండు చేతులూ మొహానికి కప్పుకున్నారు, సంతోషంతోనే. అయిపోయింది. వాడు ఇంటికొస్తున్నాడు.

జడ్జిగారు నా వైపు తిరిగారు. వెళ్ళమనే ముందు ఒకసారి అడగాలి కాబట్టి అడిగినట్టే అడిగారు. "ఏమ్మా, మీరు టైలరు కదా. చూసి చెప్పండి. ఇది ఈ అబ్బాయి కొలతేనా?"

నేను వాణ్ణి చూశాను. నాలుగు నెలల్లో మొదటిసారి నిలువెత్తున, మధ్యలో జాలీ లేకుండా చూశాను. బనీను పైన మెడ ఎముకలు రెండూ కర్రల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి. మణికట్లు ఆరేళ్ళ పిల్లాడి మణికట్లలా ఉన్నాయి. బాగానే పెడుతున్నారమ్మా అని ప్రతి బుధవారం చెప్పాడు కదా. నేను నమ్మాను కదా.

"ఇంత చిక్కిపోయాడేంటి సార్!" అన్నాను. "అన్నం పెట్టడం లేదా వీడికి? ముప్పై ఆరు ఉండేవాడు సార్ ఛాతీ. ముప్పై ఆరుకే కుట్టాను, ఒంటికి అతికినట్టు ఉండేది. మూడంగుళాలు పోయాడు. మూడు నిండా పోయాడు!"

టైపు మిషను టకటకలాడుతూనే ఉంది. అది ఆగాక కానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు. లాయరమ్మ పెన్ను కింద పెట్టేసింది. చిన్నోడు చొక్కా బొత్తాలు ఒక్కోటీ విప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ విప్పమనలేదు.

*

వరండాలోకి ఎలా వచ్చానో గుర్తు లేదు. బల్ల ఆ చివరి ఆవిడ లేచి నా దగ్గరికొచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. "నీకు దండం పెడతాను వదినా. కన్న కొడుకని కూడా చూడకుండా నిజం చెప్పావు. ఇంత గుండె ఎవరికుంటుంది?" అని ఏడ్చింది.

నిజం కోసం చెప్పలేదమ్మా, నోరు జారింది అనడానికి నోరు రాలేదు. ఆవిడ చేతులు వెచ్చగా ఉన్నాయి. పక్కన ఆ కుర్రాడు ఉన్న ఒక్క కంటితో నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో దండమూ లేదు, కోపమూ లేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా ఆయన వేరే సీట్లో కూర్చున్నారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అన్నారు, "గొంతుదాకా వచ్చింది ఒక్క క్షణం మింగలేకపోయావా?"

"మీరు చూడలేదా వాణ్ణి?"

"చూశాను" అన్నారు. "నేనూ చూశాను. మింగాను."

అది నిజమే. ఆయన మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నది సంతోషంతో అనుకున్నాను. నేనే పొరబడ్డాను.

తీర్పు రెండు వారాలకి వచ్చింది. కెప్టెన్‌కి పన్నెండేళ్ళు, మావాడికి ఐదు. పద్దెనిమిది నిండేదాకా పిల్లల హోములో, తర్వాత పెద్ద జైల్లో. కాయితంలో వాడి పేరు ముందు గ్యాంగు సభ్యుడు అని రాశారు. బయటికొచ్చాక కూడా ఎక్కడ పనికి వెళ్ళినా అది ముందు వెళుతుందని లాయరమ్మ చెప్పింది. ఇంకెవరి ఫైలో తీసుకుని చదవడం మొదలుపెట్టింది.

క్వార్టర్స్ ఖాళీ చేశాం. ఊరికి అవతల ఒక గది దొరికింది. కిటికీ లేదు, పగలు కూడా లైటు వేసుకుని కుట్టాలి. మిషను తోపుడు బండి మీద ఎక్కిస్తుంటే ఇరుగుపొరుగు తలుపులు వేసుకున్నారు. వాళ్ళని తప్పు పట్టను, నేనైనా అదే చేసేదాన్ని. మా అమ్మాయి పెద్దాసుపత్రి ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఇప్పుడొక చిన్న క్లినిక్కులో కట్లు కడుతోంది. సర్దేటప్పుడు నా కుట్టు సామాను డబ్బాలో పెడుతూ, "అమ్మా, నేనైనా అదే అనేదాన్నేమోలే" అంది. దాని కోపం ఎప్పుడు తగ్గిందో నాకు తెలియదు. పూర్తిగా తగ్గిందని కూడా అనుకోను.

వానలు ఆగిపోయాక మొదటి బుధవారం ఒక్కదాన్నే హోముకి వెళ్ళాను. శిక్ష పడ్డవాళ్ళని జాలీ వెనక కాదు, ఒక గదిలో బల్ల ముందు కూర్చోబెట్టి చూపిస్తారు. ముట్టుకోకూడదు. వాడు తలుపు తీసుకుని లోపలికి నడిచి వచ్చాడు. వాళ్ళిచ్చిన యూనిఫారమే, నడుం దగ్గర చేత్తో పట్టుకుని ఉన్నాడు. కోర్టులో జరిగిన దాని గురించి ఏమన్నా అంటాడేమోనని భయపడుతూ వచ్చాను. ఏమీ అనలేదు. బల్ల అవతల నిలబడి నన్నే చూస్తున్నాడు.

నా కళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. ఛాతీ ముప్పై రెండు. ఇంకో అంగుళం పోయాడు. బుగ్గలు లోపలికి పోయి, ఆ ఎక్కుడు పన్ను మూసిన పెదవుల మీదుగా కూడా తెలుస్తోంది. వాడు నా చూపు పట్టేశాడు. చిన్నప్పటినుంచీ తెలిసిన చూపే కదా. పట్టుకున్న నడుం వదిలేసి, భుజాలు వెనక్కి విరిచి, ఊపిరి నిండా పీల్చి నిలబడ్డాడు.

"ఎలా ఉన్నానమ్మా?" అన్నాడు.

"బాగున్నావురా" అన్నాను. "అలాగే ఉన్నావు. ఏం మారలేదు."